ఎక్కువన్నందుకు తగ్గిన జీతం

లోర్నా ఎంగెన్‌కి ఏదైనా పెట్టడం అంత తేలిక కాదు. కాఫీ అయినా సరే, మూడుసార్లు అడగాలి. మొదటిసారి "వద్దులెండి, ఇప్పుడే తాగాను" అంటుంది. రెండోసారి "అయ్యో, నా కోసం మళ్ళీ పెట్టకండి" అంటుంది. మూడోసారి అడిగితే "సరే, ఉన్నదేదో అరకప్పు" అని, నిండు కప్పు తాగి, కప్పు కడిగి బోర్లించి మరీ వెళుతుంది. ఒక్క లోర్నాయే కాదు, ఉత్తర డకోటాలో ఆ రెడ్ విల్లో ఊరంతా ఇదే తంతు. చర్చిలో ప్రార్థన అయ్యాక పళ్ళెంలో చివరి కేకు ముక్క మిగిలితే దాన్ని ఎవరూ తీసుకోరు. ఒకరు వచ్చి సగం కోసుకుంటారు, ఇంకొకరు ఆ సగంలో సగం. ఆఖరికి గోరంత ముక్క పళ్ళెంలో ఎండిపోతుంది గాని, ఊరి మర్యాద మాత్రం నిలబడుతుంది.

అలాంటి ఊళ్ళో ఉన్న ప్రభుత్వ కాలేజీలో లోర్నా ఇరవై ఒక్క ఏళ్ళు ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టుకి అసిస్టెంట్ కోచ్‌గా పనిచేసింది. మంచు తుఫానులో డ్రైవరు చేతులెత్తేస్తే జట్టు బస్సు తనే నడిపింది. పిల్లల మడమలకి కట్లు కట్టింది, వాళ్ళ ప్రేమలు చెడినప్పుడు ముక్కులు తుడిచింది. ముగ్గురు హెడ్ కోచ్‌లు ఆమె చెప్పిన ఎత్తులతోనే గెలిచి, పేరు తెచ్చుకుని, పెద్ద ఊళ్ళకి వెళ్ళిపోయారు. మధ్యలో కాలేజీలో ఆటల వ్యవహారాలు చూసే ఒక డైరెక్టరు "ఆ పదవి నువ్వే తీసుకోకూడదూ?" అని అడిగాడు. "అబ్బే, నాకెందుకండీ అంతది!" అంది లోర్నా. ఆయన పైఊరి మనిషి, సరేనని మర్నాడే ఇంకొకరిని తెచ్చిపెట్టాడు. ఆ రోజు ఇంటికెళ్ళి ఏడ్చింది గాని, ఆ పాఠం మాత్రం ఆమెకి వంటబట్టలేదు.

ఈ ఏప్రిల్‌లో హెడ్ కోచ్ కుర్చీ మళ్ళీ ఖాళీ అయింది. కొత్త డైరెక్టరు క్లే హోల్కమ్ టెక్సస్ నుంచి వచ్చి తొమ్మిది నెలలైంది. పెద్ద గొంతు, పెద్ద బూట్లు. మనసులో మాట నోట్లోకి రావడానికి క్షణం పట్టని మనిషి. సోమవారం పొద్దున లోర్నాని గదిలోకి పిలిచి, కూర్చోకముందే చెప్పేశాడు.

"కోచ్, ఇక వెతకడాలు లేవు. హెడ్ కోచ్ మీరే. ఏడాదికి లక్షా పద్దెనిమిది వేల డాలర్లు. ఏమంటారు?"

లోర్నా గుండె ఒక్కసారి ఎగిరి గంతేసింది. కానీ ఇరవై ఒక్క ఏళ్ళ కోరిక కంటే యాభై మూడేళ్ళ మొహమాటం ముందు నోరు తెరిచింది.

"అయ్యో, అది చాలా ఎక్కువండీ!"

రెడ్ విల్లోలో పుట్టినవాడెవడైనా ఇక్కడ "ఎక్కువేంటమ్మా, తీసుకో" అంటాడు. క్లే మాత్రం కళ్ళజోడు తీసి ఆమెని అబ్బురంగా చూశాడు. తన ఉద్యోగంలో ఇలాంటి మాట ఎప్పుడూ వినలేదు పాపం.

"అలాగా? మరి లక్షా ఐదు వేలైతే?"

ఇదేమిటి, ఈయన ఇటు నడుస్తున్నాడేమిటి అని లోర్నాకి కంగారు పుట్టింది. కంగారు పుడితే ఆమెకి మర్యాద ఇంకా ఎక్కువవుతుంది.

"నా వల్ల మీకు ఇబ్బంది కాకూడదండీ..."

"తొంభై ఆరు?"

"సరే!" అంది లోర్నా, అరిచినంత పనిచేసి. మూడోసారి కదా మరి! నాలుగోసారి అడిగే వరకూ ఆగితే జట్టుకి తనే ఎదురు డబ్బు కట్టాల్సి వచ్చేది.

ఆ సాయంత్రం ఆమె మొగుడు డ్వేన్ బీట్ దుంపల చేలో ట్రాక్టరు కిందినుంచి బయటికొచ్చి సంగతంతా విన్నాడు. చేతుల గ్రీజు తుడుచుకున్నాడు. ఆ తర్వాత అతని భుజాలు ఊగడం మొదలెట్టాయి.

"నవ్వకు డ్వేన్."

"నవ్వట్లేదే. నాలుగు నిమిషాల్లో ఇరవై రెండు వేలు. నేను వడగళ్ళ వానలో కూడా ఇంత నష్టపోలేదు."

"ఆయన మళ్ళీ అడగాలి కదా! అదేగా పద్ధతి!"

"అడిగాడుగా పాపం, రెండుసార్లు అడిగాడు." అప్పటికీ డ్వేన్‌కి నవ్వాగలేదు. కాసేపటికి భార్య మొహం చూసి నవ్వు మానేశాడు. "వెళ్ళి చెప్పు లోర్నా. పొరపాటైంది, మొదటిది ఇమ్మని అడుగు."

"డబ్బు గురించి నోరు తెరిచి అడగనా? నేనా?"

ఆమె అడగలేదు. ఎవరికీ తెలియదులే అనుకుంది. అయితే అది ప్రభుత్వ కాలేజీ. శుక్రవారం పాలకమండలి ఒప్పుకోవాల్సిన జీతాలన్నీ బుధవారం ఊరి పేపర్లో పడతాయి. పక్కవాడి జీతం ఎంతని అడగడం ఆ ఊళ్ళో మహాపాపం, పేపర్లో చదవడం మాత్రం కాదు. బుధవారం పొద్దున కాఫీ హోటల్లో, ధాన్యం గోదాములో మేనేజరుగా చేసి రిటైరైన ఆర్లన్ పేపరు గట్టిగా చదువుతుండగా లోర్నా లోపలికొచ్చింది.

"ఆడపిల్లల హెడ్ కోచ్, తొంభై ఆరు వేలు. మగపిల్లల కొత్త హెడ్ కోచ్, లక్షా అరవై ఐదు వేలు." ఆర్లన్ కళ్ళజోడు పైనుంచి చూశాడు. "లోర్నా, ఆ కుర్రాడికి ముప్పై రెండేళ్ళటగా? నువ్వు అతనికంటే పొట్టి కాబట్టి తగ్గించారా ఏంటి?"

అందరూ నవ్వారు. లోర్నా కూడా నవ్వి, "నాకది చాల్లెండి" అంది. అంది గాని, ఆ కాఫీ సగంలోనే వదిలేసింది. ఆ కుర్రాడికి అంత ఎలా వచ్చిందో ఆమెకి తెలుసు. మొదట చెప్పిన అంకెకి అతను "ఇంతేనా?" అన్నాడట. ఆ ఒక్క మాటకి ఇరవై వేలు పెరిగింది.

తొంభై ఆరు వేలతో లోర్నా బతకలేదా అంటే, హాయిగా బతుకుతుంది. ఊరికి, మర్యాదకి, తన మొహమాటానికి ఇరవై రెండు వేలు చదివించుకున్నాననుకుని ఊరుకునేదే. అసలు దెబ్బ మధ్యాహ్నం తగిలింది.

జానెల్ ప్రూయిట్ రెండేళ్ళుగా ఆమె కింద రెండో అసిస్టెంటు, ఇప్పుడు లోర్నా ఖాళీ చేసిన మొదటి అసిస్టెంటు చోటు ఆమెదే. మిల్వాకీ పిల్ల, ఇరవై ఎనిమిదేళ్ళు. కొత్త పిల్లల్ని జట్టుకి తేవడంలో దిట్ట. ఆమె తలుపు దగ్గర నిలబడి, లోపలికి రాకుండానే అడిగింది.

"కోచ్, పేపర్లో అంకె నిజమేనా?"

"నిజమే. ఏం?"

"మొదటి అసిస్టెంటుకి హెడ్ కోచ్ జీతంలో సగం అని ఇక్కడ రూలు. మీకు తెలుసుగా?"

లోర్నాకి తెలుసు. ఇన్నేళ్ళూ ఆ సగమే తిని బతికింది. కానీ సోమవారం నుంచి తన పరువు గొడవలో పడి ఆ సంగతే మరిచిపోయింది. తలమీద ఎవరో మొట్టికాయ వేసినట్టయింది.

"అంటే నాకు నలభై ఎనిమిది," అంది జానెల్. "మినసోటాలో ఒక కాలేజీ వాళ్ళు యాభై ఆరు ఇస్తామంటున్నారు. నాకు వెళ్ళాలని లేదు కోచ్. మీతో పనిచేయాలని ఉంది. కానీ మా అమ్మకి కూడా నేనే పంపాలి. శుక్రవారం లోపల వాళ్ళకి చెప్పాలి." ఒక్క క్షణం ఆగి అడిగింది. "మీకు అంతకంటే ఎక్కువ ఇవ్వనన్నారా?"

అబద్ధం చెప్పడానికి అదే మంచి అదను. లోర్నా అబద్ధం ఆడలేదు. తల వంచుకుని జరిగిందంతా చెప్పింది. జానెల్ నోరు తెరుచుకుని విన్నది.

"ఆయన ఇస్తానంటే మీరు వద్దన్నారా?"

"వద్దనలేదమ్మా. ఎక్కువన్నాను."

"మా ఊళ్ళో దాన్ని వద్దనడమే అంటారు కోచ్," అని ఆ పిల్ల వెళ్ళిపోయింది. కోపంగా కాదు. కోపంగా వెళ్ళినా బాగుండేది.

ఆఫీసులో గుమాస్తా మావిస్ ఓల్‌స్టాడ్ లోర్నాకి చిన్నప్పటి స్నేహితురాలు. ఆమె గోడ అవతలినుంచి అంతా విని, ఏమీ విననట్టు లోపలికొచ్చింది.

"ఏమే, నీ మర్యాదకి నువ్వు తిండి మానుకో, నాకేం పోయింది. ఆ పిల్ల కంచంలోది తీసి దానం చేయడానికి నువ్వెవరివే?"

"నేను వెళ్ళి అడగలేను మావిస్. నాకు నోరు రాదు."

"రిఫరీ మీద అరిచేటప్పుడు పక్క జిల్లాకి వినబడుతుంది నీ నోరు."

"అది పిల్లల కోసం అరిచేది."

"మరి ఇదెవరి కోసమే?" అంది మావిస్.

గురువారం పొద్దున లోర్నా కారులో కూర్చుని లక్షా పద్దెనిమిది అనే మాటని పదిహేనుసార్లు అని చూసుకుంది. పదహారోసారి క్లే ఎదుట అంది.

"మీరు మొదట చెప్పిన లక్షా పద్దెనిమిది వేలే నాకు కావాలండీ. ఎక్కువ అని నేనన్నది ఊరికే మర్యాదకి. మీరు మళ్ళీ అడుగుతారనుకున్నాను."

క్లే బల్ల మీద చెయ్యి చరిచాడు. "మావిస్ నిన్న నాకంతా చెప్పింది! ఇక్కడ మూడుసార్లు అడగాలటగా! నాకు ముందే ఎవరూ చెప్పరేం?" వెంటనే అతని మొహం మాడింది. "కానీ ఒక చిక్కొచ్చింది కోచ్. మిగిలిన డబ్బు మగపిల్లల జట్టు గదిలో కొత్త కుర్చీలకి రాసేశాను. లక్షా ఎనిమిది వరకూ సర్దగలను."

లోర్నా లెక్క వేసుకుంది. అందులో సగం యాభై నాలుగు. జానెల్ వెళ్ళిపోతుంది.

"వద్దండీ," అంది.

ఆమె జీవితంలో అది మొట్టమొదటి అసలైన వద్దు. ఈ మనిషి సరేనంటే తనకి పదవి పోతుంది. యాభై మూడేళ్ళ వయసులో మళ్ళీ ఎవడో కుర్రాడి పక్కన క్లిప్‌బోర్డు పట్టుకుని నిలబడాలి.

క్లే మాత్రం తెలివిగా నవ్వాడు. ఒక వేలు మడిచాడు. "ఆహా, ఇది ఒకటో సారి! సరే, లక్షా పది."

"వద్దండీ. ఆ పిల్లకి సగం సరిపోదు."

"రెండు!" అని ఇంకో వేలు మడిచి, ఫోనందుకుని ఎవరితోనో కుర్చీల బేరం మానుకోమని చెప్పాడు. పాత కుర్చీల్లో కూర్చుంటే ఎవరూ చచ్చిపోరన్నాడు. ఫోను పెట్టేసి, చాలా వినయంగా, ఊరి పద్ధతి ఔపోసన పట్టినవాడిలా ముందుకి వంగాడు. "లక్షా పద్దెనిమిది వేలు. దయచేసి తీసుకోండి కోచ్."

"సరే," అంది లోర్నా.

"చూశారా! మూడోసారికి ఒప్పుకున్నారు! నేనూ ఈ ఊరివాణ్ణి అయిపోయాను!"

"ఈసారి నేను నిజంగానే వద్దన్నానండీ."

"మీరంతా అలాగే అంటారటగా!" అని క్లే పడీపడీ నవ్వాడు. ఎంత చెప్పినా నమ్మలేదు. లోర్నా బయటికొచ్చి, సరాసరి జిమ్‌కి వెళ్ళి, బంతులు సర్దుతున్న జానెల్‌తో ఒక్క అంకె చెప్పింది: "యాభై తొమ్మిది." ఆ పిల్ల బంతి వదిలేసి ఆమెని కావలించుకుంది. రెడ్ విల్లోలో అంతగా కావలించుకోవడం చావులప్పుడు కూడా ఉండదు. లోర్నాకి చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు, ఆ తర్వాత తెలిసింది.

శుక్రవారం పాలకమండలి ఒప్పుకుంది. శనివారం పేపర్లో దిద్దిన అంకె పడింది. కాఫీ హోటల్లో ఆర్లన్ ఆ పేపరే మడిచి బల్ల మీద పెట్టాడు.

"లక్షా పద్దెనిమిది వేలు," అన్నాడు. ఈసారి అతని గొంతులో వేళాకోళం అంతగా లేదు. "ఆడపిల్లల ఆటకి కాస్త ఎక్కువే, కాదంటావా లోర్నా?"

బల్ల చుట్టూ ఉన్న ఆరుగురూ ఆమె వంక చూశారు. అవును ఎక్కువే అంటుందని, దాంతో అందరికీ ఊపిరాడుతుందని వాళ్ళు ఎదురుచూస్తున్నారు. ఆ మాట ఆమె నాలిక చివరిదాకా వచ్చింది కూడా. మగపిల్లల కోచ్‌కి లక్షా అరవై ఐదు అన్నప్పుడు అది ఎక్కువని ఈ బల్ల దగ్గర ఒక్కరూ అనలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఆమెకి కోపమొచ్చింది. తన మీద, వాళ్ళ మీద, ఆ ఇరవై ఒక్క ఏళ్ళ మీద.

"కాదు ఆర్లన్," అంది. "ఎక్కువ కాదు."

ఆర్లన్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా లోర్నా ఆ మాటని మెత్తబరచడానికి ఇంకో మాట కలపలేదు.

"అయితే సరే," అన్నాడు ఆర్లన్ చివరికి. "వచ్చే ఏడు మీ పిల్లల ఆటలన్నిటికీ నా సీజన్ టిక్కెట్టు నీ బెంచీకి దగ్గరగా ఇప్పించు."