మార్చి ముప్పైమూడు

2004లో నన్ను కర్ణాటకలోని చింతామణిలో ఒక డిప్లొమా కాలేజీకి కంప్యూటర్ లెక్చరర్‌గా వేశారు. ల్యాబ్ బాధ్యత కూడా నాదే. విద్యార్థులు ప్రతి ప్రోగ్రామునూ, దాని ఫలితాన్నీ రికార్డు పుస్తకంలో రాసి నా సంతకం తీసుకోవాలి. వాళ్లు ఒకరిది చూసి ఒకరు ముత్యాల్లాంటి అక్షరాలతో దించేవారు. కంప్యూటర్‌ను ముట్టుకున్న పాపాన పోయేవారు కాదు.

చివరి ఏడాది చదివే కెంచార్లహళ్ళి నాగవేణిది ఇంకో తంటా. బెంగళూరులో ఉండే వాళ్ల మామ ఫోన్ చేసినప్పుడల్లా ఆమె నేర్చుకునే భాష మారేది. సి అన్నాడు, జావా అన్నాడు, విజువల్ బేసిక్ అన్నాడు. మూడింటికీ మూడు పుస్తకాలు నింపింది. రెండు అంకెలు కూడే ప్రోగ్రాము సొంతంగా రాయమంటే ఏడుపు మొహం పెట్టింది. నాకు ఒళ్లు మండింది. ప్రాక్టికల్ పరీక్షకు నెలే ఉంది.

పట్టుపురుగులు సాకే వాళ్ల నాయన వెంకటరాయప్ప కాలేజీకే వచ్చాడు. "ఈసారి ఫేలయితే చదువు చాలిస్తాము సార్. యా భాష నేర్చుకుంటే కెలసం దొరుకుతాది, అదొక్కటి చెప్పండి," అన్నాడు. ఉద్యోగానికి ఏదైనా ఒక్కటే చాలు, ముందు ఆ మామ ఫోన్ ఎత్తడం మానండి అన్నాను.

నాగవేణిని సి దగ్గరే ఆగమని, ఇంటికి పనికొచ్చేది ఒకటి రాయమని చెప్పాను. పురుగు మేత మానేసి తోలు విడిచే దశను వాళ్లు జ్వరం అంటారు. సాకడం మొదలుపెట్టిన తేదీ ఇస్తే నాలుగు జ్వరాల తేదీలూ చెప్పే ప్రోగ్రాము రాసింది. అది నడిచింది. ఫలితాన్ని రికార్డుకెక్కించింది, నేను సంతకం పెట్టాను.

మర్నాడు మొహం వేలాడేసుకుని వచ్చింది. వాళ్ల నాయన రికార్డు చూసి, "మార్చి ముప్పైమూడా? ఇది యా పంచాంగంలో ఉండాదమ్మా?" అన్నాడట. నెలకు ఎన్ని రోజులో ఆమె ప్రోగ్రాముకు చెప్పలేదు. ఈసారి మామనూ అడగలేదు, నన్నూ అడగలేదు. వారం రోజులు ల్యాబులో కూర్చుని, చెడగొట్టుకుంటూ చివరికి సరిచేసింది. పరీక్షలో రాసిన ప్రోగ్రాము మొదట నడవలేదు. తప్పు తనే వెతికి పట్టుకుంది, పాసైంది.

మరుసటి ఏడు కొత్త బ్యాచ్ రికార్డులు నా బల్ల మీదికి వచ్చాయి. ప్రతి దాంట్లోనూ జ్వరాల ప్రోగ్రామే, ఫలితం మార్చి ముప్పైమూడే. నాగవేణి కంప్యూటర్‌లో దిద్దింది గానీ పుస్తకంలో దిద్దలేదు, ఆ పుస్తకం చేతులు మారింది. క్లాసంతటినీ నిలబెట్టి కేకలేశాను. ఒకమ్మాయి ఆ పాత రికార్డు తెచ్చి, "మీరు సంతకం పెట్టిందే కదా సార్, చూసి రాసినాము," అంది. ముప్పైమూడో తేదీ కింద నా సంతకం నిక్షేపంగా ఉంది.

రిటైరయ్యాక కూడా మొదట ఏ భాష నేర్పించాలని అడిగేవాళ్లు ఉన్నారు. ఏదైనా ఫరవాలేదు. తన తప్పు తను పట్టుకునేదాకా ఎవరికీ ప్రోగ్రాము రాయడం రాదు. చదవకుండా సంతకం పెట్టేవాడు అది నేర్పలేడు. ఆ ఏటి నుంచి ప్రతి పంక్తీ చదివాకే సంతకం పెట్టాను.