రెండు జానల పీట

కాస్త దగ్గరగా జరిగి కూర్చోండి, మా నీలం నగర్ ఇంటి ముచ్చట ఒకటి చెబుతాను. మోకాళ్లు అరిగాయి, ఇక నేల మీద కూర్చోవద్దన్నాడు డాక్టరు. నేను బీడీలు చుట్టే మనిషిని. నేల మీద కూర్చుంటేనే ఒళ్లో చాట నిలుస్తుంది. చిన్ననాటి నుంచి చేస్తున్న పని పోతుందేమోనని అన్నం సహించలేదు.

మా అమ్మాయి కంప్యూటర్‌లో ఇళ్లకు బల్లలు, బీరువాలు గీస్తుంది. ఒక్క కొలత మారిస్తే తక్కినవన్నీ వాటంతట అవే సర్దుకునేలా గీయడం దాని పని. చాట ఆనేలా ముందు అంచున్న పీట నాకొకటి గీస్తానంది.

"ఎత్తు ఎంత పెట్టాలె అమ్మా?"

"రెండు జానలు చాలు బిడ్డా."

జానకు తొమ్మిది అంగుళాలని లెక్క వేసింది. వడ్రంగి చేసిచ్చిన పీట మీద కూర్చుంటే నా మడమలు నేలకు ఆనలేదు. చాట జారి ఆకు, తంబాకు నేలపాలయ్యాయి.

"నువ్వు చెప్పినంతే పెట్టిన గదనే," అంటూ అమ్మాయి నా అరచేతి మీద టేపు పరిచింది. వేళ్లు పూర్తిగా చాపలేకపోయాను, నా జాన తొమ్మిది అంగుళాలు రాలేదు.

"ఇట్ల ఎప్పటి సంది అయింది?"

"ఎప్పుడూ ఆ కంప్యూటర్ డబ్బా దిక్కే చూస్తవు. నా చెయ్యి ఎన్నడు చూస్తివి?"

అది చాలాసేపు నా వేళ్లు వదలలేదు. తరువాత నా జాన కొలత వేసింది. తెర మీద పీట కుంగింది, చాట ఆనే అంచు దగ్గరికి జరిగింది.

"ఇగ ఎవరి జాన ఏస్తే వాళ్లకు సరిపోతది," అంది మెల్లగా.

ఇవాళ ఆ కొలతతో చేయించిన పీట మీదే బీడీలు చుడుతున్నాను. మీ ఇల్లు చల్లగా ఉండాలి, మీ ఇంట కష్టపడే చేతులను పట్టుకుని చూసేవాళ్లు ఎప్పుడూ ఉండాలి.