పడవలో మిగిలిన పేరు

మా బావ గిల్బెర్తో మద్రూగాకు సముద్రమంటే భయం లేదని శాన్ డియాగోలో మా పాయింట్ లోమా పేటలో అందరూ చెప్పుకుంటారు. శుద్ధ అబద్ధం. ఆ మనిషి ఈ లోకంలో భయపడేదే సముద్రానికి. పడవలో ఎవరైనా ఈల వేసినా, అరటిపండు తెచ్చినా అరిష్టమని ఒప్పుకోడు. అరటిపండు చేత్తో పట్టుకుని వచ్చిన ఒక కాబోయే పెళ్ళికొడుకును ఒడ్డు మీదే నిలబెట్టి, అది తిని తొక్క పారేసి వచ్చాక గానీ ఎక్కనివ్వలేదు. ఆ పిల్లవాడికి నిశ్చితార్థం కంటే ఆ అరటిపండే ఎక్కువ గుర్తుండిపోయి ఉంటుంది.

నేను ఆయన బావమరిదిని. పేరు ఒత్తీలియో. పడవ ఇంజన్లు బాగుచేసుకుని బతుకుతున్నాను. నాకు ఈ పట్టింపులు ఏవీ లేవు. ఇంజనుకు నూనె కావాలి, నీళ్ళు కావాలి, దానికి అరటిపండుతో ఏం పని? ఈ మాట అన్నప్పుడల్లా బావ నా వైపు జాలిగా చూసేవాడు.

మీసాలు కూడా సరిగ్గా రాని వయసులో ఆయన ట్యూనా చేపల పడవలెక్కాడు. ఆ పడవలు వెళ్తే నెలల తరబడి తిరిగి రావు. మా వీధి ఆడవాళ్ళ బతుకంతా ఒడ్డున నిలబడి చూడడంతోనే సరిపోయేది. మా అక్క ఇదలీనా కూడా అలాగే నిలబడింది. తర్వాత ఆ వ్యాపారం వేరే దేశాలకు తరలిపోయి, మా పోర్చుగీసు మగవాళ్ళు సగం మంది ఖాళీగా కూర్చున్నారు. అప్పుడు బావ యాట్ అనే ఒక చిన్న పాత షికారు పడవ కొని, రాత్రిపూట శాన్ డియాగో రేవు చుట్టూ జనాన్ని తిప్పుతానన్నాడు. పుట్టినరోజులు, పెళ్ళిరోజులు, జేబులో ఉంగరం పెట్టుకుని చెమటలు పట్టే కుర్రాళ్ళు, ఇలాంటి వాళ్ళకు ఆ పడవ సరిపోతుంది. అక్క ఒక్కటే షరతు పెట్టింది. ఒడ్డున నిలబడే పని ఇంక తనవల్ల కాదు, తనను కూడా ఎక్కించుకుంటేనే పడవ కొనమంది. ఆయన ఎక్కించుకోవడమే కాదు, పడవ వెనక ఆమె పేరే రాయించాడు.

అక్కకు మొదట కోపం వచ్చింది. పేరు రాయించే ముందు తనను ఒక్క మాటైనా అడగలేదని వారం రోజులు ఆయనకు ఉప్పు లేని సూపు పోసింది. తర్వాత తనే వంటప్పుడు కట్టుకునే ఒక తెల్ల ఏప్రాన్ మీద నీలం దారంతో 'ఇదలీనా' అని కుట్టుకుంది. పడవ పేరే మీకు పెట్టారా అని జనం అడిగితే, "లేదండీ, నా పేరు ఈ పడవ దొంగిలించింది" అనేది. అందరూ నవ్వేవారు. బావ కూడా ప్రతిసారీ కొత్తగా విన్నట్టు నవ్వేవాడు.

చీకటి పడ్డాక షెల్టర్ ఐలండ్ ఒడ్డు నుంచి బయలుదేరేవారు. నేవీ ఓడల పక్కనుంచి, ఊరి దీపాల ముందునుంచి నెమ్మదిగా వెళ్ళి, రేవు మీది పెద్ద వంతెన కనబడగానే బావ మైకు తీసుకుని, "ఇప్పుడు ఇదలీనా మీకు సూపు పోస్తుంది" అనేవాడు. ఏళ్ళ తరబడి అదే మాట, అదే చోట. అక్క ఆకుకూర సూపు, కారంగా వేయించిన సాసేజ్, మా పండగల్లో చేసే తియ్య రొట్టె పట్టుకుని వచ్చేది. చిన్నపిల్లలుంటే ముందు వాళ్ళకే పెట్టేది. వాళ్ళిద్దరికీ పిల్లలు లేరు.

పోయిన చలికాలం అక్క చనిపోయింది. జబ్బు చాలా కాలం పీడించి మరీ తీసుకెళ్ళింది. ఆసుపత్రి ఖర్చులకు పడవ కూడా పోయింది. కొన్నవాళ్ళు కర్టిస్, నవోమీ అని వయసులో ఉన్న జంట. పడవ తమదే అయినా కెప్టెన్‌గా బావే ఉండాలన్నారు. మంచివాళ్ళు. అదే నాకు మంట. చెడ్డవాళ్ళయితే కూర్చుని తిట్టుకోవడానికైనా వీలుండేది.

వాళ్ళకు కూతురు పుట్టింది. మేబెల్. పడవకు ఆ పిల్ల పేరు పెట్టుకోవాలని వాళ్ళ ముచ్చట. కర్టిస్ బావ దగ్గరికి వచ్చి నసిగాడు. మీకు బాధగా ఉంటే వద్దులెండి, పాత పేరే ఉంచేద్దాం అన్నాడు. బావ అక్కడితో ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు. పడవ మీది, పేరు మీ ఇష్టం, కానీ చేస్తే పద్ధతిగా చేయాలి అన్నాడు. పేరు మార్చాలంటే ముందు పాత పేరు పడవలో ఒక్క అక్షరం కూడా మిగలకూడదు. అది అయ్యాక సముద్రుడిని క్షమాపణ అడిగి, నీళ్ళలో వైన్ పోసి, కొత్త పేరు చెప్పాలి. ఎక్కడైనా ఒక్క చోట పాత పేరు దాగి ఉందంటే ఆ సముద్రుడు ఊరుకోడట. అందులోనూ పసిబిడ్డ ఎక్కే పడవ.

నేను చేస్తాను బావా, నువ్వు ఇంటికి వెళ్ళు అని నెత్తీనోరూ కొట్టుకున్నాను. వినలేదు. లైఫ్ జాకెట్ల మీద, కప్పుల అడుగున, తాళంచెవి బిళ్ళ మీద, మందుల పెట్టె మూత మీద ఎక్కడెక్కడ ఉందో తనే వెతికి తీశాడు. వెనకవైపు పెద్ద అక్షరాలు ఒక్కొక్కటే గీకాడు. పిల్లల గాయానికి అంటుకున్న కట్టు విప్పుతున్నట్టు అంత నెమ్మదిగా గీకాడు. చివరి అక్షరం దగ్గర ఆయన చెయ్యి ఆగిపోయింది. నేను చూడలేక ఇంజను గదిలోకి దిగి, సర్దాల్సిన అవసరం లేని స్పానర్లు సర్దుకుంటూ కూర్చున్నాను. ఏడ్చాను కూడా. నా అక్క కదా.

పేరు పెట్టే సాయంత్రం ఇంజను చూసుకోవడానికి నన్ను కూడా రమ్మన్నాడు. నేను పడవలో అడుగుపెట్టేసరికి ఆయన స్టీరింగ్ దగ్గర తన సీటు మూత ఎత్తి ఏదో లోపల పెడుతున్నాడు. తొంగి చూశాను. అక్క ఏప్రాన్. ఉతకలేదు. వెల్లుల్లి వాసన ఇంకా వస్తోంది.

నాకు ఒళ్ళు మండింది. ఊళ్ళో అందరికీ పద్ధతులు చెప్పే మనిషి చేసే పనా ఇది. అంత ప్రాణంగా ఉంటే ఇంట్లో పెట్టుకోవచ్చు కదా అని అడిగాను.

"ఇంట్లో తను ఉండదురా ఒత్తీ," అన్నాడు. "పడుకోడానికి తప్ప ఇంటికెప్పుడొచ్చింది? ఇక్కడే ఉండేది."

"మరి నీ సముద్రుడు?"

"ఇది పడవ పేరు కాదు. మీ అక్క పేరు. ముందు తనదే." అని నా మొహంలోకి చూశాడు. పరీక్ష రాసిన పిల్లవాడు పంతులు మొహంలోకి చూసినట్టు చూశాడు.

అంత పెద్ద సముద్రుడికి ఆ మాత్రం తేడా తెలియకపోతుందా బావా, ఉండనీ అన్నాను. ఆయన మూత వేసి, దాని మీద కూర్చున్నాడు. అక్క పోయాక ఆ మొహంలో కాస్త వెలుగు చూసింది ఆ సాయంత్రమే.

కర్టిస్, నవోమీ, పసిపిల్ల, వాళ్ళ చుట్టాలు నలుగురైదుగురు ఎక్కారు. సీల్ జంతువులు పడుకుని అరిచే తెప్ప దాటాక బావ పడవ ఆపాడు. టోపీ తీసి, వైన్ సీసా పట్టుకుని అంచు దగ్గర నిలబడ్డాడు. ఇన్నాళ్ళు ఇదలీనా అనే పేరుతో ఈ పడవను కాపాడావు, ఆ పేరును ఇంక మరిచిపో అని సముద్రుడిని అడిగాడు. ఆ తర్వాత ఒక మాట చెప్పాలి. పాత పేరు ఈ పడవలో ఎక్కడా లేదని ప్రమాణం చేయాలి. అక్కడ ఆయన గొంతు ఆగింది. చుట్టాలందరూ భార్య గుర్తొచ్చిందనుకుని తలలు దించుకున్నారు. ఎందుకు ఆగిందో నాకొక్కడికే తెలుసు. చివరికి ఎలాగో ఆ మాట అనేసి, వైన్ పోసి, మేబెల్ అని కొత్త పేరు చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నా ఎరుకలో బావ సముద్రంతో అబద్ధం చెప్పడం అదే మొదలు.

తర్వాత అంతా బాగానే సాగింది. ఊరి దీపాలు వచ్చాయి, ఫొటోలు తీసుకున్నారు. వంతెన కనబడగానే బావ అలవాటు కొద్దీ మైకు అందుకున్నాడు. నోటి దాకా తెచ్చుకుని, ఏమీ అనకుండా మళ్ళీ పెట్టేశాడు. నేను మొహం తిప్పుకున్నాను.

అప్పుడే ఇంజను వేడెక్కిందని అలారం మోగింది. బావ వెంటనే ఇంజను ఆపేశాడు. ఆపకపోతే కాలిపోతుంది. ఆపితే పడవ తేలుతూ పోతుంది. చూస్తే వెనకనుంచి కార్లు మోసుకొచ్చే ఓడ వస్తోంది. అది నేషనల్ సిటీ రేవుకు ఎప్పుడూ వచ్చేదే, అయిదారంతస్తుల భవనం కదిలి వచ్చినట్టుంటుంది. మేము సరిగ్గా దాని దారిలో ఉన్నాం. లంగరు వేస్తే ఆ దారిలోనే కట్టేసుకుని కూర్చున్నట్టు. బావ రేడియోలో చెప్పాడు గానీ, అంత ఓడ అనుకున్నప్పుడు ఆగేది కాదు. అది కూత మీద కూత పెట్టింది. లోపల పసిపిల్ల గుక్కపట్టి ఏడ్చింది.

నేను కిందికి దూకాను. ఇంజనును చల్లబరచడానికి బయటి నీళ్ళు లోపలికి వచ్చే గొట్టం ఒకటుంటుంది, దానికొక జల్లెడ. అక్కడే ఏదో అడ్డుపడిందని చేత్తో ముట్టుకుంటేనే తెలిసింది. వాల్వు మూసి, జల్లెడ మూత విప్పుతుంటే వేళ్ళు కాలాయి. చెయ్యి పెట్టి లాగాను. మెత్తగా, పొడుగ్గా వచ్చింది. మూత బిగించి, వాల్వు తెరిచి, స్టార్ట్ చెయ్యి బావా అని అరిచాను. ఇంజను మొదటిసారికే అందుకుంది. పడవ ఒక్క ఊపున పక్కకు తిరిగింది. ఓడ మా వెనకనుంచి వెళ్ళిపోయింది. దాని అలకు నేను గోడకు గుద్దుకున్నాను, అయినా నవ్వొచ్చింది.

గొప్పగా పైకి వచ్చాను. చేతిలో ప్లాస్టిక్ సంచీ. కొట్లో కూరగాయలు వేసిచ్చే మామూలు సంచీ.

"చూడు బావా, ఎవడో వెధవ పారేసింది. దీనికే ఇంత గొడవ."

బావ స్టీరింగ్ దగ్గర నిలబడి ఉన్నాడు. మొహం చాలా ప్రశాంతంగా ఉంది. నేనన్నది ముందు ఆయనకు అందలేదు. తర్వాత సంచీ వైపు చూశాడు. చూస్తూనే ఉన్నాడు. ఆ శాంతమంతా ఒక్కొక్క ముడతలోంచి దిగిపోవడం నేను కళ్ళారా చూశాను.

"ఇదేనా?" అన్నాడు.

అప్పుడు గమనించాను. సీటు మూత తెరిచి ఉంది. లోపల ఏమీ లేదు.

నేను కింద మూత విప్పుతున్నప్పుడు ఆయన పైన ఆ ఏప్రాన్ తీసి నీళ్ళలో వేసేశాడు. వేసిన మరుక్షణం నేను స్టార్ట్ చెయ్యమన్నాను, ఇంజను పలికింది. సముద్రుడు పుచ్చుకున్నాడు, పిల్లను వదిలేశాడు అనుకున్నాడు నా బావ. నేను ఆ దరిద్రపు సంచీ పట్టుకుని పైకి వచ్చేదాకా అలాగే అనుకున్నాడు.

పడవ వెనక్కి తిప్పుదామా అని అడిగాను.

"ఓడ దాని మీదనుంచే వెళ్ళిందిరా," అన్నాడు.

అంతే. మళ్ళీ మైకు తీసుకుని, భయపడొద్దు, అంతా బాగుంది, ఎడమ పక్క కనబడేది కొరొనాడో ఊరు అని మామూలు గొంతుతో చెప్పాడు. వచ్చినవాళ్ళ సరదా చెడగొట్టకూడదని దారి పొడుగునా ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాడు. నేను ఆయన పక్కన నిలబడి, నీళ్ళలో తెల్లగా ఏది కదిలినా అదేమో అని చూశాను. అన్నీ నురగలే.

ఒడ్డుకు చేరాక అందరూ దిగారు. నవోమీ మాత్రం నిద్రపోతున్న పిల్లను భుజాన వేసుకుని ఆగింది. బావను చిన్నగా పిలిచింది.

"కెప్టెన్ గారూ, ఇందాక మీరు వైన్ సీసాతో అంచు దగ్గరికి వెళ్ళినప్పుడు పిల్ల లైఫ్ జాకెట్ కోసం వెతుకుతుంటే మీ సీటు కింద మీ ఆవిడ పేరున్న ఏప్రాన్ చూశాను. మీ పద్ధతి ఏదైనా కానీ, దాన్ని తీయకండి. అది అక్కడే ఉంటే మా మేబెల్‌కు ఆవిడ తోడుంటుందనిపించింది."

నేను కళ్ళు మూసుకున్నాను. తెరవాలనిపించలేదు.

బావ పలికాడు. ఆ గొంతు ఎక్కడినుంచి తెచ్చుకున్నాడో నాకు ఇప్పటికీ తెలియదు.

"మీది పెద్ద మనసమ్మా. కానీ పద్ధతి పద్ధతే కదా. అందుకే తీసేశాను, ఇంటికి పట్టుకెళ్తున్నాను," అని కోటు మీద చెయ్యి వేసి, లోపల ఏదో మడిచి పెట్టుకున్నట్టు మెల్లగా తట్టాడు. "పిల్లకు చలిగాలి తగులుతోంది. వెళ్ళండి."

ఆమె ఆయన భుజం తాకి వెళ్ళిపోయింది. బావ కోటు మీద చెయ్యి తీయకుండా అలాగే నిలబడ్డాడు. ఆ కోటులో ఏమీ లేదు. నా జేబులో సంచీ మాత్రం ఇంకా నీళ్ళు కారుతోంది.