ముళ్ల కళ్లెం లేని బరాత్

మా ఇంట్లో ఒక తెల్ల ఆడగుర్రం ఉంది. బరాత్‌లో పెళ్లికొడుకును ఎక్కించుకుని వెళ్తుంది. దాని గురించి రాయమని మా కోడలు నోట్‌బుక్ ఇచ్చింది. నా చదువు ఐదో తరగతితో ఆగింది. అయినా ఇది నేనే రాయాలి. కళ్లెం తీసేసిన రోజు తాడు పట్టుకుంది నేనే కదా.

బరాత్ గుర్రం నోట్లో ముళ్ల కళ్లెం పెట్టేవాళ్లం. ఇనుప కడ్డీకి చిన్న చిన్న మొనలుంటాయి. తాడు లాగితే గుచ్చుకుంటాయి. అది లేకపోతే బ్యాండు మోతకు గుర్రం బెదిరి జనం మీద పడుతుందని మా మామగారు అనేవారు. నేనూ నమ్మాను.

ఒకరోజు గడ్డి వేస్తే ముట్టలేదు. పెదవి ఎత్తి చూశాను. నోటి మూలన పుండు, నాలుక మీద కోతలు. పశువుల డాక్టర్ చూసి, "ఈ కళ్లెం పెట్టినన్ని రోజులు ఇది మానదమ్మా" అన్నాడు. ఇన్నేళ్లూ రోజూ దాని మెడ నిమిరాను. ఒక్కసారీ నోరు చూడలేదు.

ఇక ఆ కళ్లెం పెట్టొద్దని మా ఆయనకు చెప్పాను.

"మరి ఎట్ల ఆపుతవే దాన్ని? పాటలు పాడి ఆపుతవా?"

"ఆపుత. నువ్వు పరేషాన్ గాకు."

"ఒక్క బరాత్ చూస్త. జెర అటిటయిందా, మళ్ల గదే లగాం పెడ్త. అప్పుడు ఏడ్వకు."

పుండు మానేదాకా పనికి పంపలేదు. రోజూ పొద్దున సీతాఫల్‌మండిలో బ్యాండు వాళ్లు ప్రాక్టీస్ చేసే చోటికి తీసుకెళ్లాను. ముందు దూరంగా నిలబెట్టాను. డ్రమ్ము మోగితే నానబెట్టిన శనగలు పెట్టేదాన్ని, ఆగితే ఆపేదాన్ని. రోజుకు నాలుగడుగులు దగ్గరికి జరిగాం. డ్రమ్ము కొట్టే పెద్దాయన కూడా జేబులోంచి నాలుగు శనగలు దానికి పెట్టి నవ్వేవాడు.

"చెల్లె, మా బ్యాండును గింత ఇజ్జత్‌తోని ఇన్నోళ్లు ఇంకెవ్వరు లేరు."

పుండు మానాక మొదటి బరాత్ రెజిమెంటల్ బజార్‌లో. గుర్రం నోట్లో ఏమీ లేదు. తల చుట్టూ మెత్తటి నూలు తాడు ఒక్కటే. మా ఆయన భుజాన సంచి ఉంది. అందులో పాత కళ్లెం ఉందని నాకు తెలుసు.

బ్యాండు షురూ అయింది. గుర్రం చెవులు నిక్కబొడిచింది. పెళ్లికొడుకుతో సహా నేరుగా డ్రమ్ము దగ్గరికి నడిచి, పెద్దాయన జేబులో మూతి పెట్టింది. శనగల కోసం!

"అయ్యో, యాడికి తీస్కపోతున్నది? ఫంక్షన్ హాల్ అటు గదా!" పెళ్లికొడుకు పైనుంచి అరిచాడు.

"జెర ఆగు బాబూ, దాని భోజనం ముందు" అన్నాడు పెద్దాయన. జనం పడీ పడీ నవ్వారు.

అంతలో ఎవరో పటాకుల లడీకి, ఆ పొడుగు దండకి, నిప్పంటించారు. వద్దని ముందే బతిమాలాను, విన్నదెవరు? గుర్రం ఒళ్లంతా వణికింది. మా ఆయన చెయ్యి సంచిలోకి పోయింది.

"ఆగు!" అన్నాను.

తాడు లాగలేదు, వదులు చేశాను. అది తల తిప్పి నా భుజంలో మొహం దాచుకుంది. శనగలు మూటగట్టిన కొంగు విప్పాను. చివరి పటాకు పేలేసరికి నా కొంగులో శనగలు నములుతోంది.

ఫంక్షన్ హాల్ దాకా రాణిలా నడిచింది. గేటు దగ్గర పెళ్లికొడుకు దోస్తులు, "అన్నా, గుర్రాన్ని డాన్స్ చేపియ్యవా?" అని మా ఆయనను అడిగారు.

"మా గుర్రం నడుస్తది. ఎగరాలంటే మీరు ఎగురుండ్రి" అన్నాడు, సంచి నా చేతికిస్తూ.

ఇప్పుడు రోజూ దాని పెదవి ఎత్తి చూస్తాను. లోపల లేత గులాబీ రంగు. ఎక్కడా కొత్త గీత లేదు.