మూడుసార్లు మసకబారిన దీపం

2023 వర్షాకాలం. రుషికొండ దాటాక సముద్రపు ఒడ్డున ఉన్న ఒక బడికి మా డోమ్ తీసుకెళ్లాను. డోమ్ అంటే ఫ్యాన్‌తో గాలి నింపి నిలబెట్టే నల్లటి గుడారం. పిల్లలను లోపల కూర్చోబెట్టి పైకప్పు మీద ఆకాశం చూపిస్తాం. బడి బడికీ తిరిగి ఈ ప్రదర్శనలు ఇవ్వడమే నా ఉద్యోగం.

ఆ రోజు ఒక దూరపు నక్షత్రం గురించి, దాని చుట్టూ తిరిగే గ్రహాల గురించి చెప్పాను. ఆ గ్రహాలను ఎవరూ కళ్లారా చూడలేదు. గ్రహం అడ్డంగా వెళ్లినప్పుడు నక్షత్రపు వెలుగు రవ్వంత తగ్గుతుంది. దాన్ని ట్రాన్సిట్ అంటాం.

ఆరో తరగతి దేవి లేచి నిలబడింది. "ఎవులూ సూడకుండా ఉన్నాదని ఎలగ సెప్తారు మేడమ్?"

"సైంటిస్టమ్మొచ్చీసింది, కూకోయే!" అన్నాడొకడు వెనక నుంచి. అందరూ నవ్వారు. దేవి కూర్చోలేదు.

అప్పటికే అత్తయ్య నుంచి రెండుసార్లు ఫోన్. మా బాబుకి జ్వరం. "వెలుగు మూడుసార్లు తగ్గితే ఉన్నట్టేనమ్మా" అని ముగించేశాను. ప్రతి బడిలో చెప్పే ఒక మాట వదిలేశాను.

పదిహేను రోజుల తర్వాత మిగతా తరగతుల కోసం మళ్లీ వెళ్తే, దేవి తల్లి నూకరత్నం కూతురిని పట్టుకుని గేటు దగ్గరే నిలబడి ఉంది. చేతుల నిండా గాజులు.

"ఏటి సెప్పీసినారు మేడమ్ దీనికి? ఈల నాన్న సముద్రం మీద ఏటకెల్లి రెండు నెల్లయిపోనాది. బోల్తాపడ్డ పడవ దొరికింది, మడిసి దొరకనేదు. ఇంక కర్మ సేసీమన్నారు పెద్దోలు. ఇదేమో నా గాజులు తియ్యనివ్వదు. మూడుసార్లయింది, నాన్న ఉన్నాడంతంది."

దేవి నోటుబుక్కు తెరిచింది. పోర్టులోకి వెళ్లడానికి సముద్రంలో ఆగి ఉన్న ఓడల దీపాలను సాయంత్రాలు ఇసుకలో కూర్చుని చూసిందట. ఏ పడవా కనిపించకుండానే దీపం మసకబారిన రోజులు మూడు. చీకట్లో దానికి అడ్డంగా వెళ్లింది నాన్నేనని తన లెక్క. తేదీలు వేసి, కింద గీత గీసింది.

అవునని తల ఊపేద్దామా అనిపించింది.

"నాన్న ఎన్ని రోజులకోసారి వచ్చేవాడు?"

"నాలుగ్రోజులకి. ఎప్పుడూ నాలుగే."

"నేనొక మాట చెప్పలేదు దేవీ. మూడుసార్లూ ఒకే ఎడంతో తగ్గాలి. అప్పుడే అది గ్రహం."

తేదీల మీద వేలు పెట్టి లెక్కపెట్టుకుంది. మొదటి రెండింటి మధ్య ఒక రోజు. తర్వాత తొమ్మిది. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

"ఇయ్యి ఏరే పడవలు మేడమ్" అంది.

నూకరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దేవి పుస్తకం మూసి, గాజుల చెయ్యి పట్టుకుని, "ఇంటికి పద అమ్మా" అంది.

ఎంత తొందరున్నా ఇప్పుడు ఆ మాట వదలను. డోమ్‌లో దీపం ఆర్పే ముందు, ఏ పిల్ల ఇంట్లో ఎవరి కోసం ఎదురుచూస్తున్నారో టీచర్‌ని అడుగుతాను.

నేను తొందరపడిన రోజు బాబు జ్వరం మామూలుదే. ఇల్లు చేరేసరికి తగ్గిపోయింది.