కొనని కోడలు చెప్పిన ధర

పళ్ళ ధరలు అడగడం కూడా ఒక ఉద్యోగమేనా అని మూతి తిప్పేవాళ్ళు చాలామంది. ఒకింటి కోడలు చేసేది ఆ ఉద్యోగమే. ఏ వీధిలో ఏ పండు ఎంతకు అమ్ముతున్నారో కనుక్కుని, అక్కడికక్కడే ఫోన్లో ఎక్కించి, ఊళ్ళో ధరల లెక్కలు కట్టే ఆఫీసుకు పంపాలి. ఒక నియమం మాత్రం గట్టిది: ధర అడిగిన చోట పండు కొనకూడదు. కొంటే మొహమాటానికి తగ్గించి చెబుతారట. అందుకని పొద్దంతా పళ్ళ మధ్య తిరిగి, సాయంత్రం ఉత్త సంచీతో ఇల్లు చేరేది.

“కొనేది లేదు, తినేది లేదు. అడుక్కునేవాళ్ళే నయం వదినా, చేతిలో ఏదో ఒకటి పడుతుంది,” అని ఆడపడుచు ఎకసెక్కాలాడేది. అత్తగారు అవుననేది కాదు, కాదనేదీ కాదు. ఆవిడ దృష్టిలో ధర అడగడమంటే యుద్ధానికి శంఖం ఊదడం. ఊదేసి ఇంటికొచ్చేస్తే ఎలా?

అసలు చిక్కు బస్టాండు వెనక వీధిలో వచ్చింది. అక్కడ బండ్ల వరుసకు మొదట కూర్చునేది నారింజపళ్ళావిడ. గొంతు విప్పితే కాకులు లేచిపోవలసిందే. కోడలు మొదటిరోజే బోణీ కాకముందు వెళ్ళి ధర అడిగింది, కొనకుండా పోయింది. ఆ మధ్యాహ్నమే కుంభవృష్టి. పళ్ళన్నీ మిగిలిపోయాయి. మబ్బుల్ని కోడలే సంచీలో పెట్టుకొచ్చిందని ఆవిడ తీర్మానించేసింది.

“కొననిదానివి, నీకెందుకే ధర? పో!”

ఆవిడ పొమ్మంటే వరుసంతా పొమ్మంది. అరటిపళ్ళాయన ఆకాశం చూశాడు. దానిమ్మలాయనకు ఉన్నట్టుండి చెవుడొచ్చింది. ఆఫీసులో పై అధికారిణి మొహం మీదే చెప్పింది: “శనివారంలోగా ఆ వీధి ధరలు రాకపోతే వేరే మనిషిని వేసుకుంటాను. నువ్వింకా పర్మనెంటు కాలేదు.”

శనివారం రానే వచ్చింది. కోడలు ముందు వంతెన దగ్గరి కొట్లు చూసుకుని, ఎవరి బోణీకీ అడ్డం రాకుండా ఎండెక్కాక బస్టాండు వెనక్కి వెళ్ళింది. నారింజపళ్ళావిడ బండి చుట్టూ జనం. మధ్యలో ఎవరో బేరమాడుతున్నారు. ఆ గొంతు వినగానే కోడలు మునివేళ్ళ మీద లేచి చూసింది. సాక్షాత్తూ అత్తగారు!

“వంతెన దగ్గర ఇంతకంటే పెద్ద కాయలు, ఇంతకంటే చవక. ఇప్పుడే చూసొచ్చా!” అంటోంది.

చూసిందీ లేదు, వచ్చిందీ లేదు. బేరంలో అబద్ధం కూరలో ఉప్పులాంటిదని ఆవిడ నమ్మకం.

నారింజపళ్ళావిడ చూపు కోడలి మీద పడింది. “ఇదిగో, ఊరంతా ధరలడుగుతూ తిరిగేది వచ్చింది! ఏమ్మా ధరలమ్మా, వంతెన మీంచేగా రావడం? ఈ పెద్దావిడ చెప్పింది నిజమేనా?”

అత్తగారు కనుబొమ్మలు ఎగరేసింది. ఆ సైగకు అర్థం వాళ్ళింటి పిల్లికి కూడా తెలుసు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అవునంటే ఇంట్లో ముద్ద సుఖంగా దిగుతుంది. కానీ ఫోన్లో ఒక ధర, నోట్లో ఒక ధర పెట్టుకున్నాక ఆ ఉద్యోగం ఉంటే ఎంత, ఊడితే ఎంత? వంతెన దగ్గర ధర పలక మీద రాసి వేలాడుతూనే ఉంది, దాచడానికేముంది?

“కాదండీ. అక్కడే ఎక్కువ. కాయ కూడా చిన్నది.”

వరుసంతా ఘొల్లున నవ్వింది. “విన్నావా పెద్దమ్మా!” అని నారింజపళ్ళావిడ చప్పట్లు చరిచింది.

“విన్నాలే, నాకేం చెవుడా?” అంది అత్తగారు, నడుం మీద చెయ్యి వేసుకుని. “అది నా కోడలు!”

నారింజపళ్ళావిడ నోరు తెరిచింది. “సొంత అత్తనే తక్కెట్లో వేశావటే తల్లీ! ఇలా రా, రాసుకో,” అని తన ధర చెప్పింది. అరటిపళ్ళాయన అడక్కుండానే చెప్పాడు. దానిమ్మలాయనకు చెవుడు పోయింది. తనని ఆఖరున అడిగిందని బొప్పాయిలాయన అలిగాడు కూడా.

అత్తగారు ఆరోజు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, చెప్పిన ధరకే కొంది. నారింజపళ్ళావిడ కొసరు వేయబోతే చెయ్యి అడ్డం పెట్టింది. “వద్దు. మా పిల్ల రాసుకున్న ధర తప్పయిపోతుంది.”

కొనకూడదన్న నియమం కోడలికేగాని అత్తకు కాదుగా! ఆ నెలలోనే ఉద్యోగం పర్మనెంటయింది. కాగితం చేతికొచ్చిన సాయంత్రం అత్తగారు బస్టాండు వెనక నుంచి మళ్ళీ నారింజలు తెచ్చి, కూతుర్ని కేకేసింది.

“ఏమే, ఆ నారింజలు ఒలిచి మీ వదినకు పెట్టు. గింజలు తీసి మరీ పెట్టు!”