ఎదురు ఫ్లాట్లో ఎండుచేప

కువైట్‌లో, ఫహాహీల్‌లో మా ఎదురు ఫ్లాట్లో ఒక ఫిలిప్పీన్స్ నర్సు ఉండేది. శుక్రవారం మధ్యాహ్నం తలుపు బార్లా తీసి, మొగుడూ పిల్లలతో వేయించిన ఎండుచేపా వెల్లుల్లి అన్నమూ తింటూ, గుమ్మం ముందు ఎవరు కనబడినా “రండి, తిందాం!” అని పిలిచేది.

మా ఆయన ఆ గుమ్మంలోనే నిలబడి ఆవిడ చేసిన లుంపియా రోల్సు ఎన్నిసార్లు లాగించలేదు! అలాంటి మనిషి, ఎండుచేప కంపు భరించలేకపోతున్నామని వాచ్‌మన్‌ చేత ఆవిడకి చెప్పించాడు. కోనసీమ నుంచి ఎండునెత్తళ్ళు సూట్‌కేసులో మోసుకొచ్చే మనిషి!

పై శుక్రవారం నేను ఆ నెత్తళ్ళే ఇగురు పెట్టి ఆయనకి వడ్డించబోతుంటే ఆవిడ మా తలుపు తట్టింది.

“సిస్టర్, ఇవాళ చేప వేయించుకోవచ్చా?”

తనింట్లో తను వండుకోడానికి నా అనుమతి! నాకు ఒళ్ళు మండిపోయింది. ఇగురు గిన్నె ఎత్తుకెళ్ళి ఆవిడ పిల్లల మధ్య పెట్టాను. మా ఆయనకి ఆ పూట మజ్జిగన్నమే.